స్టేక్‌హౌస్‌లో ఇద్దరికీ ఒక మంచి రాత్రి భోజనం: నెల్లూరు, ఒంగోలు నుంచి బయల్దేరే జంటలకు

నెల్లూరు మెస్సులో కూర్చుంటే మనకు మొహమాటం ఉండదు. ‘పులుసు ఇంకొంచెం పొయ్యబ్బాయ్, తలకాయ ముక్క చూసి వెయ్యి’ అని అడిగి మరీ వడ్డించుకుంటాం. అదే మనిషి సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో స్టేక్‌హౌస్‌లో, అంటే మాంసాన్ని పెద్ద ముక్కలుగా (స్టేక్) నిప్పు మీద కాల్చి పెట్టే హోటల్లో, కూర్చుంటే మెనూ కార్డు నాలుగుసార్లు తిరగేసి, సర్వర్ ఏదంటే దానికి తలూపి, వచ్చింది సగం తిని, బిల్లు చూసి గుటకలు మింగి బయటికొస్తాడు. నిజానికి స్టేక్‌హౌస్‌లో మెస్సులో కంటే ఎక్కువ అడగాలి. ఏ ముక్క, ఎంత బరువు, లోపల ఎంత కాలాలి, పక్కన ఏం రావాలి, కంచంలోకి ఏది అసలు రాకూడదు, ఇవన్నీ మీరు చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది. ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో వరుసగా చూద్దాం.

1. బయల్దేరక ముందే: ఎవరు ఏం తింటారు

మన వైపు బీఫ్ ముట్టని ఇళ్లు చాలానే ఉన్నాయి. తినేవాళ్లూ ఉన్నారు. ఒకరు తిని ఇంకొకరు తినని జంటలూ ఉంటాయి. ఈ మాట టేబుల్ దగ్గర మొదలుపెడితే సగం భోజనం దానికే సరిపోతుంది, ఇంట్లోనే తేల్చుకోండి. స్టేక్‌హౌస్ అన్నంత మాత్రాన బీఫే తినాలని లేదు. మంచి చోట్ల గొర్రె చాప్స్, చికెన్, సాల్మన్, సీబాస్, లాబ్‌స్టర్ ఉంటాయి. అవీ అదే నిప్పు మీద, అంతే శ్రద్ధగా కాలుస్తారు. బీఫ్ తినని జంటకు నాలుగు ముక్కల గొర్రె చాప్స్ ఒకటి, చేప ఒకటి తీసుకుని చెరిసగం పంచుకోవడం చక్కటి భోజనం.

అయితే బీఫ్ కనిపించని చోట కూడా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

సాసులు: బ్రౌన్ సాస్, రెడ్ వైన్ సాస్, పెప్పర్ సాస్, గ్రేవీ చాలాచోట్ల దూడ ఎముకలు గంటల తరబడి మరిగించిన స్టాక్‌తో చేస్తారు. చేప మీద పోసినా అది అదే స్టాక్.

ఫ్రెంచ్ ఫ్రైస్: కొన్ని స్టేక్‌హౌస్‌లు వీటిని కావాలనే బీఫ్ కొవ్వులో వేయిస్తాయి. మెనూలో ‘టాలో’ అనో ‘బీఫ్ డ్రిప్పింగ్’ అనో ఉంటే అదే.

సూపు, రిసోటో: పుట్టగొడుగుల రిసోటో (ఇటలీ పద్ధతి అన్నం) శాకాహారంలా కనిపిస్తుంది గానీ చికెన్ స్టాక్‌తోనో బీఫ్ స్టాక్‌తోనో ఉడికించి ఉండొచ్చు.

సీజర్ సలాడ్: డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. శాకాహారులకు పనికిరాదు.

తీపి: పానకోటా (మీగడతో చేసే తీపి), కాల్చకుండా చేసే చీజ్‌కేక్ లాంటివాటిలో గట్టిపడటానికి జెలటిన్ అనే జంతువుల జిగురు వాడతారు. అది పందిదో పశువుదో అయి ఉంటుంది.

గ్రిల్: ఒకటే ఇనుప జాలీ మీద అన్నీ కాలుస్తారు. మీకు అది పట్టింపు అయితే చేపను విడిగా పెనం మీద చేయమనండి. మామూలుగా ఒప్పుకుంటారు.

ఇవన్నీ టేబుల్ బుక్ చేసేటప్పుడే ‘స్పెషల్ రిక్వెస్ట్’ గడిలో రాయండి. కూర్చున్నాక సర్వర్‌తో ఇంకోసారి అనండి: ‘నో బీఫ్ ఫర్ మి. ఈజ్ ది సాస్ మేడ్ విత్ బీఫ్ ఆర్ వీల్ స్టాక్?’ సర్వర్‌కు తెలియకపోతే లోపలికెళ్లి షెఫ్‌ను అడిగి వస్తాడు. అది వాళ్ల ఉద్యోగంలో భాగం, నామోషీ పడాల్సింది లేదు. ‘వెజిటేరియన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే చేప వచ్చినా రావచ్చు, కొన్ని ఊళ్లలో దాని అర్థం అలాగే ఉంటుంది.

హలాల్ చూసుకునేవాళ్లకు దుబాయ్ సులువు. సింగపూర్‌లో మాత్రం ఖరీదైన స్టేక్‌హౌస్ అన్నంత మాత్రాన సర్టిఫికెట్ ఉంటుందని అనుకోకండి. అక్కడ హలాల్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ముయిస్. దాని గుర్తు ఉందో లేదో బుక్ చేసే ముందే చూడండి.

2. ఏ రోజు, ఎన్ని గంటలకు

దిగిన రోజు రాత్రికి మాత్రం వద్దు. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి 175 కిలోమీటర్ల పైనే, ఒంగోలు నుంచైతే 290 పైమాటే. కారులో, విమానంలో, వరుసల్లో నలిగి, సరిగ్గా నిద్రలేని కళ్లతో ఖరీదైన భోజనానికి కూర్చుంటే ఒకరు ఆవలిస్తూ ఉంటారు, ఇంకొకరు చిరాకు పడుతుంటారు. విమానం ఆలస్యమైతే రద్దు రుసుము అదనం. రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి. ఆఖరి రోజు కూడా వద్దు, సామాను సర్దే ధ్యాసలో ఉంటారు.

గంట ఎంచుకోవడంలో మన కడుపు గడియారం ముఖ్యం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఆరుకు టేబుల్ తీసుకుంటే మన కడుపుకు అది మధ్యాహ్నం మూడున్నర, ఆకలి ఎక్కడ వేస్తుంది? ఎనిమిది, ఎనిమిదిన్నర అడగండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ ఏడున్నర అంటే మనకు తొమ్మిది, సరిగ్గా మన ఇళ్లలో కంచాలు పెట్టే వేళ. అమెరికాలో పిలకాయల దగ్గరికి వెళ్లినవాళ్లు మొదటి నాలుగైదు రోజులు ఆగాలి. వేసవిలో న్యూయార్క్ రాత్రి ఏడంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. ఎంత మంచి స్టేక్ అయినా ఆ వేళకు ముద్ద దిగదు.

ఆ రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినండి. పస్తు ఉండి వెళ్తే ఇంకో తంటా: ఆకలి మీద బ్రెడ్డూ వెన్నా లాగించేసి, అసలు ముక్క వచ్చేసరికి పొట్ట నిండిపోతుంది. వాళ్లు ఉచితంగా పెట్టే బ్రెడ్ బాగుంటుంది కూడా, అదే ప్రమాదం.

శుక్ర, శనివారాల రాత్రుళ్లకు రెండు మూడు వారాల ముందు బుక్ చేయాలి. మంగళ, బుధవారాలైతే సులువుగా దొరుకుతుంది, సర్వర్‌కు మీతో మాట్లాడే తీరికా ఉంటుంది. బుకింగ్‌లో కార్డు నంబరు అడిగితే రద్దు గడువు ఎప్పటిదాకానో చదవండి. చాలాచోట్ల 24 గంటలో 48 గంటలో ఉంటుంది. చెప్పకుండా ఎగ్గొడితే మనిషికి ఇంత అని కార్డులోంచి లాగేస్తారు. పెళ్లిరోజు అయితే ఆ గడిలోనే రాయండి. కిటికీ పక్క టేబులో, కంచం మీద చాక్లెట్‌తో రాసిన శుభాకాంక్షలో దక్కొచ్చు. ‘క్వయెట్ టేబుల్, నాట్ నియర్ ది కిచెన్’ అని ఒక ముక్క కలిపితే ఇంకా మేలు. జంటగా వెళ్లినవాళ్లకు మూలన మిగిలిన టేబుల్ అంటగట్టడం ఉన్నదే.

బట్టలు: స్మార్ట్ క్యాజువల్ అని రాసి ఉంటే మగవాళ్లకు కాలరున్న చొక్కా, ప్యాంటు, బూట్లు. నిక్కర్లు, రబ్బరు చెప్పులు వద్దు. చీర ఎక్కడైనా చెల్లుతుంది, ఆ హాల్లో అందరికంటే బాగా కనిపిస్తుంది కూడా. ఏసీ గట్టిగా ఉంటుంది, ఒక శాలువా దగ్గరుంచుకోండి.

3. డబ్బు లెక్క మెనూ మీద ధరతో ఆగదు

రెస్టారెంట్ వెబ్‌సైట్‌లో మెనూ ఉంటుంది. అది ముందే తెరిచి, ఇద్దరూ ఏం తెప్పించుకోవాలో అనుకుని, దేశాన్ని బట్టి పైఖర్చు కలపండి.

సింగపూర్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ అని అర్థం. 100 డాలర్ల ముక్క 119.90 అవుతుంది. ఇంక విడిగా టిప్ అక్కర్లేదు.

అమెరికాలో మెనూ ధర మీద పన్ను, దానికి తోడు 18 నుంచి 20 శాతం టిప్. పన్ను ఊరిని బట్టి మారుతుంది. చేతికందే లెక్క కావాలంటే మెనూ మొత్తానికి 30 శాతం కలుపుకోండి. బిల్లులో ‘గ్రాట్యుటీ’ అని ముందే వేశారేమో చూడండి. వేసి ఉంటే మళ్లీ టిప్ రాయనక్కర్లేదు.

దుబాయ్‌లో 5 శాతం వ్యాట్ ధరలోనే కలిసి ఉంటుంది. పెద్ద హోటళ్లలో సర్వీస్ ఛార్జి, మున్సిపాలిటీ ఫీజు సంగతి మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దేశం దాటకుండా చెన్నైలోనో బెంగళూరులోనో తింటే మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం జీఎస్టీ. రోజుకు 7,500 రూపాయల పైన గది అద్దె ఉన్న హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18. మన దేశంలో సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. వద్దంటే తీసేయాలి. ఇంకో సంగతి: మన దేశంలోకి బీఫ్ దిగుమతికి అనుమతి లేదు. ఇక్కడి మెనూలో జపాన్ వాగ్యూ (కొవ్వు బాగా అల్లుకున్న ఖరీదైన జపాన్ బీఫ్) అని కనిపిస్తే ఎక్కడినుంచి తెచ్చారో అడగండి. ఇక్కడ ‘టెండర్‌లాయిన్ స్టేక్’ అంటే చాలావరకు గేదె మాంసం. అది ముదురుగా, కొవ్వు తక్కువగా ఉంటుంది కాబట్టి విదేశంలో తిన్న రుచి రాలేదని వాపోవడం అనవసరం.

కార్డు గీకేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే ఆ దేశపు కరెన్సీనే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు వేసుకుంటారు, అది మీకు నష్టం. ఎంత తేలుతుందో తెలుస్తుంది కదా అని రూపాయలు నొక్కేవాళ్లే ఎక్కువ.

4. ముక్క ఎంచుకోవడం

ఇద్దరూ చెరొక స్టేక్ చెప్పడం చాలామంది చేసే పొరపాటు. అమెరికాలో 16 ఔన్సుల స్టేక్ అంటే 454 గ్రాములు. ఔన్సుకు 28 గ్రాములు లెక్క. మన ఇంట్లో ఇద్దరికి అరకిలో మటన్ వండితే మర్నాటికి కూడా మిగులుతుంది, అలాంటిది ఒక్కొక్కరు అరకిలో ఎలా తింటారు? ఒక స్టార్టర్, రెండు సైడ్లు (పక్కన నంజుకునే దుంపలు, కూరగాయల లాంటివి) తెప్పించుకుంటే ఎముక లేని ముక్క 350 నుంచి 400 గ్రాములు, ఎముకతో అయితే 550 నుంచి 600 గ్రాములు ఇద్దరికీ చాలు. ‘వి విల్ షేర్’ అంటే లోపలే కోసి పంపుతారు. పెద్ద ముక్క పంచుకోవడంలో రుచి లాభం కూడా ఉంది: మందంగా ఉన్న ముక్కకు బయట బాగా వేగి పొర కట్టేదాకా నిప్పు మీద ఉంచినా లోపల రసం పోదు. పల్చటి ముక్కకు రెండూ ఒకేసారి కుదరవు.

పేర్లు ఎక్కువగా కనిపించినా తెలుసుకోవాల్సినవి నాలుగే.

టెండర్‌లాయిన్, అంటే ఫిలే మిన్యాన్: వెన్నెముక కింద లోపలి వైపు ఉండే కండ. పశువు ఈ కండతో పనే చేయదు, అందుకే వెన్నలా కోసుకుంటుంది. కొవ్వు తక్కువ, రుచి కూడా మెత్తగానే ఉంటుంది. మొదటిసారి తినేవాళ్లకు, కొవ్వు చూస్తే ముఖం తిప్పుకునేవాళ్లకు ఇదే.

రిబై: పక్కటెముకల వైపుది. కండ మధ్యలో కొవ్వు తెల్లటి దారాల్లా అల్లుకుని ఉంటుంది, దాన్ని మార్బ్లింగ్ అంటారు. వేడికి ఆ కొవ్వు కరిగి ముక్కంతా పాకుతుంది. మటన్‌లో కొవ్వు ముక్క కోసం వెతుక్కునే మనిషికి ఇది నచ్చుతుంది.

స్ట్రిప్‌లాయిన్, లేదా న్యూయార్క్ స్ట్రిప్: రెండింటికీ మధ్యస్థం. కొంచెం నమలాలి, ఒక అంచున కొవ్వు పట్టీ ఉంటుంది.

పోర్టర్‌హౌస్: టీ ఆకారపు ఎముకకు ఒక పక్క టెండర్‌లాయిన్, ఇంకో పక్క స్ట్రిప్. చెరొక రుచి కోరే జంటకు దీన్ని మించింది లేదు. ఎముక వైపు మాంసం నెమ్మదిగా కాలుతుంది, అక్కడ కాస్త ఎర్రగా కనిపిస్తే కంగారు పడొద్దు.

టోమాహాక్ అంటే పొడుగాటి పక్కటెముక వదలకుండా ఉంచిన రిబై, అంతే. ఫొటోకు బాగుంటుంది. కిలో, కిలోంబావు తూగుతుంది, అందులో ఆ కర్రలాంటి ఎముకకూ మీరే డబ్బు కడతారు. ఇద్దరికి వద్దు. కొన్నిచోట్ల ధర 100 గ్రాములకు రాస్తారు. 18 అని చూసి చవకే అనుకుంటే 1,200 గ్రాముల ముక్కకు 216 అవుతుంది. అలా రాసి ఉంటే ‘హౌ మెనీ గ్రామ్స్ ఈజ్ దిస్ పీస్?’ అని అడగందే ఊ అనొద్దు.

‘డ్రై ఏజ్డ్’ అంటే చల్లటి గదిలో వారాల తరబడి గాలికి ఆరబెట్టిన మాంసం. నీరు ఇంకి రుచి చిక్కబడుతుంది, కండ మెత్తబడుతుంది. 28 రోజుల దాకా అందరికీ నచ్చుతుంది. 45 దాటితే జున్ను ముక్కిన వాసన లాంటిది మొదలవుతుంది, మొదటిసారికి అది వద్దు. జపాన్ వాగ్యూలో పై రకమైన ఏ5 చెప్తే ఇద్దరికీ కలిపి 120, 150 గ్రాములు చాలు. అది మాంసం కంటే కొవ్వుకు దగ్గర, నాలుగు ముక్కలు తినేసరికి నెయ్యి తాగినట్టు మొహం మొత్తుతుంది.

బ్రెజిల్ పద్ధతి కాల్చిన మాంసపు హోటల్, చురస్కారియాకు వెళ్తే ఒక ముచ్చట. బ్రెజిల్ పశువుల మందల్లో అత్యధికం ‘నెలోర్’ జాతి. ఆ పేరు మన నెల్లూరే, ఆ జాతి మన ఒంగోలు జాతే. 1868లో ఇంగ్లండు వెళ్లే ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంటను అక్కడే అమ్మేశారని చెప్తారు. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఓడెక్కిన పశువుకు జిల్లా పేరే మిగిలింది. మూపురం, తెల్లటి ఒళ్లు, ఎండకు తట్టుకునే గుణం అన్నీ మనవే. ఇది విని కొందరికి గర్వం కలుగుతుంది, కొందరికి ముద్ద దిగదు. మీ పక్క మనిషి ఏ రకమో చూసుకుని చెప్పండి. ఆ హోటళ్లలో ఒకటే ధర, కత్తులకు గుచ్చి తెచ్చి వడ్డిస్తూనే ఉంటారు. టేబుల్ మీద బిళ్ల పచ్చవైపు తిప్పితే తెస్తారు, ఎర్రవైపు తిప్పితే ఆపుతారు. సలాడ్ బార్ దగ్గర పొట్ట నింపుకోకండి. సాసేజీలు, చికెన్ ముందు వస్తాయి, వాటిని దాటవేయండి. ‘పికాన్యా’ కోసం ఆగండి, తుంటి పైభాగపు ముక్క, ఒక వైపు కొవ్వు టోపీలా ఉంటుంది. రావడం ఆలస్యమైతే అడగండి, ప్రత్యేకంగా తెస్తారు.

5. లోపల ఎంత కాలాలి

మనవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. మటన్ ఎంత ఉడికితే అంత మెత్తన అని చిన్నప్పటినుంచీ చూసినవాళ్లం కదా, స్టేక్ కూడా ‘వెల్ డన్’ అంటే మెత్తగా వస్తుందని అనుకుంటాం. జరిగేది దానికి ఎదురు. కూరకు వాడే తొడ, కాలు ముక్కల్లో పీచు, నరం ఎక్కువ. గంటసేపు నీళ్లలో ఉడికితే ఆ నరమే జిగురుగా కరిగి మెత్తదనం ఇస్తుంది. స్టేక్‌కు తీసేది వీపు వైపు కండ, అందులో కరగాల్సిన నరం పెద్దగా లేదు. వేడి 65 డిగ్రీలు దాటేకొద్దీ కండ బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తుంది. మిగిలేది చెప్పు అట్ట.

లోపలి వేడి సెల్సియస్‌లో సుమారుగా ఇలా ఉంటుంది:

రేర్, 50: మధ్యలో ఎర్రగా, గోరువెచ్చగా.
మీడియం రేర్, 55: ఎరుపు గులాబీగా మారుతుంది, రసం ఎక్కువ.
మీడియం, 60: మధ్యలో లేత గులాబీ.
మీడియం వెల్, 66: గులాబీ ఛాయ మాత్రమే.
వెల్ డన్, 71 పైన: అంతా గోధుమ రంగు, పొడి.

మొదటిసారి వెళ్లేవాళ్లు మీడియం చెప్పండి. షెఫ్‌లు మీడియం రేరే గొప్ప అంటారు గానీ, చూడగానే వికారం వస్తే రుచి సంగతి తర్వాత. కంచంలోకి కారే ఎర్రటి నీరు రక్తం కాదు. అది కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు. ఇది ముందే ఇద్దరికీ తెలిసి ఉంటే ముక్క వచ్చాక మొహాలు చూసుకోవడం ఉండదు.

ఒకరికి మీడియం, ఇంకొకరికి బాగా కాలింది కావాలంటే ఒకే పెద్ద ముక్క మీడియంగా చెప్పి, అంచు ముక్కలు బాగా కాలాలన్నవాళ్లకు, మధ్యవి రెండోవాళ్లకు ఇవ్వండి. ఇంకా చాలదంటే ఆ నాలుగు ముక్కల్నే మళ్లీ గ్రిల్ మీద పెట్టి తెమ్మనండి, రెండు నిమిషాల పని. వెల్ డనే కావాలి అనేవాళ్లు రిబై తీసుకోండి. కొవ్వు ఉంటుంది కాబట్టి కాస్త తడి మిగులుతుంది. టెండర్‌లాయిన్ వెల్ డన్ అంటే డబ్బులు నిప్పుల్లో పోసినట్టే.

గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పూర్తిగా కాలిందే తినాలి. ఖీమాతో చేసే బర్గర్ ఎవరికైనా లోపలిదాకా, 71 డిగ్రీల దాకా కాలాల్సిందే, ఎందుకంటే రుబ్బినప్పుడు పైనున్న క్రిములు లోపలికి చేరతాయి. గొర్రె చాప్స్‌కు మీడియం బాగుంటుంది. చికెన్‌కు ఈ ప్రశ్నే లేదు.

6. పక్కన ఏం తెప్పించుకోవాలి

సైడ్లు విడిగా వస్తాయి, విడిగా డబ్బు. ఒక్కోటి ఇద్దరికి సరిపోతుంది కాబట్టి రెండు చాలు: ఒకటి బంగాళదుంపది, ఇంకోటి పచ్చగా ఉండేది. మ్యాష్డ్ పొటాటో, గ్రిల్ చేసిన ఆస్పరాగస్ కలిస్తే బాగుంటుంది. మ్యాక్ అండ్ చీజ్, క్రీమ్డ్ స్పినచ్ రెండూ వెన్నా మీగడే, కొవ్వున్న రిబైతో అవి కూడా పెట్టుకుంటే మధ్యలోనే ఆయాసం.

స్టార్టర్‌గా రొయ్యల కాక్‌టెయిల్ మీద చేయి వెయ్యకండి. ఆంధ్ర తీరం చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్యే ఐసులో అమెరికా వెళ్తోంది. ఇందుకూరుపేటలోనో కొత్తపట్నంలోనో దొరికే రొయ్యను అక్కడ పదింతల ధరకు, పైగా చల్లగా తినడం ఎందుకు? ఒక సలాడ్ పంచుకోండి.

ఉప్పు, మిరియాలు తప్ప మసాలా ఉండదు. చప్పగా అనిపిస్తుందని ముందే అనుకుంటే నిరాశ ఉండదు. మన నాలుకకు దగ్గరిది చిమిచుర్రి: పార్స్‌లీ ఆకు, వెల్లుల్లి, ఒరెగానో, వెనిగర్, నూనె, ఎండుమిరప పలుకులు కలిపిన అర్జెంటీనా పచ్చడి. స్టాక్ ఉండదు కాబట్టి బీఫ్ తినని వాళ్లకూ చేపకు నంజుకోవడానికి పనికొస్తుంది. అది లేకపోతే, బీఫ్ తినేవాళ్లకు పెప్పర్ సాస్. ‘సాస్ ఆన్ ది సైడ్’ అనండి, లేకపోతే పైన పోసి తెస్తారు, వేగిన పొర మెత్తబడిపోతుంది. పచ్చిమిర్చి తరిగి ఇమ్మన్నా తప్పు లేదు. మొదటి రెండు ముక్కలు మాత్రం ఏదీ నంజుకోకుండా, రేకు ఉప్పు చిటికెడు వేసుకుని తినండి.

నీళ్ల దగ్గర ఒక కిటుకు. ‘స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్?’ అని అడుగుతారు, రెండూ సీసా నీళ్లు, రెండింటికీ బిల్లు. ‘టాప్ వాటర్, ప్లీజ్’ అనండి. వైన్ తాగేవాళ్లయితే సీసా అంటే 750 మిల్లీలీటర్లు, ఐదు గ్లాసులు. ఇద్దరికి చెరో గ్లాసు చాలు. కొవ్వున్న ముక్కకు మాల్బెక్, కబర్నే లాంటి వగరు ఎక్కువున్న ఎర్రవైన్ నప్పుతుంది, ఆ వగరు నాలుక మీది కొవ్వును కోస్తుంది.

7. ముక్క టేబుల్ మీదికొచ్చాక

ఫొటో ఒకటి, ఫ్లాష్ లేకుండా. వెంటనే మధ్యలో కోసి చూడండి, అంచున కాదు. మీరు చెప్పినట్టు కాలిందో లేదో మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పాలి. తక్కువ కాలితే సులువు, మళ్లీ పెట్టి తెస్తారు. ఎక్కువ కాలితే కొత్త ముక్క చేయాలి, 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ‘దిస్ ఈజ్ మోర్ దేన్ మీడియం’ అని మామూలు గొంతుతో అంటే చాలు. సగం తినేశాక చెప్తే ఎవరూ మార్చరు, మార్చమనడం న్యాయమూ కాదు.

కత్తి కుడిచేత, ఫోర్కు ఎడమచేత, మొనలు కిందికి. ఒకసారికి ఒక ముక్కే కోయండి. అంతా ముందే ముక్కలు చేసి పెట్టుకుంటే చల్లారిపోతుంది. మాంసంలో పీచు ఏ దిక్కుకు సాగిందో చూసి దానికి అడ్డంగా కోయాలి. పీచు వెంబడి కోస్తే ఎంత మంచి ముక్కైనా తాడులా సాగుతుంది. కత్తిని రంపంలా ముందుకూ వెనక్కూ లాగండి, పైనుంచి నొక్కకండి, నొక్కితే రసం కంచంలోకి పోతుంది. ఎడమచేత్తో ఫోర్కు ఇబ్బందిగా ఉంటే కోసుకున్నాక కుడిచేతికి మార్చుకోండి. అమెరికాలో చాలామంది తినేది అలాగే.

కొవ్వున్న భాగం ముందు తినేయండి. చల్లారితే వేటకూర మీది కొవ్వు పేరుకున్నట్టే తెల్లగా గడ్డకడుతుంది. పోర్టర్‌హౌస్‌లో ముందు స్ట్రిప్, తర్వాత టెండర్‌లాయిన్. గొర్రె చాప్స్‌ను మాత్రం ఆఖర్న ఎముక పట్టుకుని కొరికినా ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యలో విరామం తీసుకుంటే కత్తీ ఫోర్కూ కంచంలో ఎడంగా పెట్టండి. పక్కపక్కన సమాంతరంగా పెడితే అయిపోయిందనుకుని కంచం తీసేస్తారు, ఖరీదైన ఆఖరి ముక్క అలా పోయినవాళ్లు ఉన్నారు.

మిగిలితే ప్యాక్ చేయమనండి. హోటల్ గదిలో ఫ్రిజ్ ఉంటే మర్నాడు పల్చగా కోసి బ్రెడ్డులో పెట్టుకు తినొచ్చు. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే గట్టిపడుతుంది. బీఫ్ అయితే విమానంలో ఇంటికి మాత్రం తేవొద్దు, మన కస్టమ్స్ దగ్గర ఆపేస్తారు.

బిల్లు చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు తేరు, వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుందని. మీరే ‘చెక్, ప్లీజ్’ అనాలి. వచ్చాక వరుస వరుసా చదవండి: బరువు మీరు ఒప్పుకున్నదేనా, సైడ్లు రెండేనా, తాగని సీసా నీళ్లు ఎక్కాయా, ఉచితం అన్న కేకు ధర పడిందా. తేడా ఉంటే వేలుపెట్టి చూపించండి, అక్కడికక్కడే సరిచేస్తారు. హోటల్‌కు కాస్త దూరమైనా నడిచే వెళ్లండి. ఆ బరువైన తిండికి అరగంట నడక సోడా కంటే బాగా పనిచేస్తుంది.